పాత బుల్లెట్‌ను నమ్మి దూరం బయలుదేరాలంటే

"ఈ బండి మీద శ్రీశైలం వెళ్లి రావచ్చా?" అని అడిగితే మేస్త్రీ "భేషుగ్గా వెళ్లి రండి" అంటాడు. పక్కింటాయన "అంత పాత బండి మీదా?" అని కళ్లు పెద్దవి చేస్తాడు. ఇద్దరి మాటా పక్కన పెట్టండి. మేస్త్రీ బండిని పది నిమిషాలు చూశాడు, పక్కింటాయన దాని వయసు మాత్రమే చూశాడు. జవాబు బండి దగ్గరే ఉంది. కొన్ని వారాలు ఓపిక పట్టి, ఒక వరసలో అడిగితే అదే చెబుతుంది.

ఇక్కడ చెప్పేదంతా పోత ఇనుము సిలిండర్ ఉన్న పాత బుల్లెట్ 350 గురించి. 346 సీసీ, కిక్ రాడ్డు, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు, పాయింట్ల ఇగ్నిషన్ (రెండు చిన్న లోహపు ముఖాలు కలిసి విడిపోతూ ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే పద్ధతి) ఉన్న బండి. 2010 ప్రాంతంలో ఈ ఇంజిన్ తయారీ ఆగిపోయి, దాని చోట వేరే ఇంజిన్ వచ్చింది. మీది సీడీఐ (పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) ఉన్న బండి అయితే పాయింట్ల సంగతి వదిలేయండి. స్ప్లెండర్ అయినా, ఆర్‌ఎక్స్ 100 అయినా భాగాలు మారతాయి గానీ పని చేసే వరస మారదు.

మొదట ఒక నోటుపుస్తకం

ఏ భాగం ఎప్పుడు మార్చారో తేదీతో, కిలోమీటర్లతో రాయండి. పాత బుల్లెట్లలో చాలావాటికి మీటరు పనిచేయదు. ముందు దాన్ని బాగు చేయించండి. దూరం తెలియకపోతే ఆయిల్ ఎప్పుడు మార్చాలో, పెట్రోలు ఎంత తాగుతోందో ఏదీ తెలియదు.

బండి చేతులు మారి మీ దగ్గరకు వచ్చిందా? అయితే పాత యజమాని చెప్పిన "అంతా కొత్తదే" అనే మాటను లెక్కలోకి తీసుకోకండి. ఆయన అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ ఆయన కొత్తది అన్నది పదేళ్ల కిందటిది కావచ్చు. రశీదు లేనిదేదీ మారలేదనే అనుకోండి.

ఆర్‌సీ కూడా అదే రోజు తీసి చూడండి. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. ఆ తర్వాత రవాణా శాఖ కార్యాలయంలో బండిని చూపించి, మరో 5 ఏళ్లకు పొడిగించుకోవాలి. పొడిగింపు లేని బండికి ప్రమాదం జరిగితే బీమా సొమ్ము దగ్గర పేచీ వస్తుంది. బీమా, కాలుష్య ధ్రువపత్రం గడువులు కూడా ఆ పుస్తకంలోనే రాసుకోండి.

లోపాలను మూడు కుప్పలు చేయండి

పాత బండికి ఎప్పుడూ ఏదో ఒక లోపం ఉంటుంది. అన్నీ సరిచేశాకే బయలుదేరతానంటే ఎప్పటికీ బయలుదేరలేరు. కాబట్టి కనిపించిన ప్రతి లోపాన్నీ ఈ మూడింటిలో ఒక చోట పెట్టండి: ప్రాణం మీదికి తెచ్చేవి, దారిలో నిలబెట్టేవి, ఊరికే సణిగేవి.

టైర్లు, బ్రేకులు, స్పోకులు, హ్యాండిల్ బేరింగులు, చైను మొదటి కుప్ప. కరెంటు, పెట్రోలు, ఆయిల్, కేబుళ్లు రెండోది. ట్యాపెట్ (వాల్వులను కదిలించే భాగం) మూత దగ్గర ఆయిల్ చెమ్మ, మడ్‌గార్డు గలగల, మసకబారిన క్రోమ్ మూడోది. చాలామంది డబ్బు ఖర్చు పెట్టేది సరిగ్గా ఈ మూడో కుప్ప మీదే. సైలెన్సర్ మార్చి, ట్యాంకుకు రంగు వేయించి, ఏళ్ల నాటి టైరు మీద ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లను నేను ఎంతోమందిని చూశాను. మూడో కుప్పను ప్రయాణం అయ్యేదాకా ముట్టుకోకండి.

మొదటి కుప్పలో బేరసారాలు లేవు

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా కనిపించినా, పక్క గోడలో వెంట్రుకవాసి పగుళ్లు ఉంటే ఆ టైరు పని అయిపోయింది. ఆరేళ్లు దాటిన టైరుతో దూరం వెళ్లకపోవడమే నా పద్ధతి. ఈ బుల్లెట్లకు ముందూ వెనకా 3.25-19 సైజే. టైరు మార్చినప్పుడు ట్యూబు, రిమ్ టేపు కూడా కొత్తవే వేయించండి. కొత్త టైరులో పాత ట్యూబు వేయడం కక్కుర్తి.

సెంటర్ స్టాండ్ వేసి, చిన్న పానాతో ఒక్కో స్పోకును తట్టండి. బిగువుగా ఉన్నది ఖంగున మోగుతుంది, వదులైనది డబడబమంటుంది. చక్రం ఊపితే అటూ ఇటూ కదిలిందంటే బేరింగు పోయినట్టే. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు ఆగితే హ్యాండిల్ బేరింగులు మార్చాలి.

డ్రమ్ బ్రేకులను విప్పించి, షూల మందం మీ కంటితో చూడండి. లివర్ బిగుసుకుంటోంది కదా అని సరిపెట్టుకోకండి. అరిగిన షూలకు కూడా అడ్జస్టర్ తిప్పితే లివర్ బిగుసుకుంటుంది. ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ వేడెక్కి బ్రేకు పట్టు తగ్గుతుంది, కాబట్టి ఎక్కిన గేరులోనే దిగాలి. ఇంజిన్ ఆపి దిగడం, న్యూట్రల్‌లో జారిపోవడం వంటి పొదుపులు వద్దు.

చైను మధ్యలో వేలితో ఎత్తితే 25 నుంచి 30 మి.మీ. ఆడాలి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. ఒక చోట బిగువుగా, మరో చోట వదులుగా ఉంటే చైనును, రెండు స్ప్రాకెట్లను కలిపి మార్చాలి.

దారిలో నిలబెట్టేది చాలావరకు కరెంటే

బుల్లెట్ నడిరోడ్డు మీద ఆగిందంటే ఇంజిన్ పోయిందని గుండె జారిపోతుంది. కానీ ఎక్కువసార్లు కారణం ఒక వదులు వైరో, మసిబారిన పాయింటో అయి ఉంటుంది. అందుకే మీ సమయంలో పెద్ద వాటా ఇక్కడ పెట్టండి.

పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు మధ్య సందు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. సందు కొలిచే ఫీలర్ గేజ్ ఖరీదు పెద్దది కాదు, కొనుక్కోండి. పాయింట్ల ముఖాలు నల్లబడితే సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, తర్వాత శుభ్రమైన కాగితం మడతను మధ్యలో పెట్టి లాగేయండి. ఎమరీ పొడి, వేలి నూనె అక్కడ మిగలకూడదు. శుభ్రం చేసిన కొద్ది రోజులకే మళ్లీ నల్లబడుతున్నాయా? అప్పుడు తప్పు పాయింట్లది కాదు, వాటి మధ్య నిప్పురవ్వలను అణిచే కండెన్సర్‌ది. ఇంజిన్ నడుస్తుండగా పాయింట్ల మధ్య పెద్ద నిప్పురవ్వలు కనిపించినా అదే అనుమానం. కొత్త కండెన్సర్లలోనూ నాసిరకం ఉంటుంది. కాబట్టి కొత్తది వేసి బండి నడిపి చూడండి, బాగా పనిచేస్తున్న పాతదాన్ని డబ్బాలో దాచుకోండి.

హెడ్‌లైట్ పైన ఉన్న ఆంపియర్ మీటరును అలంకారం అనుకోకండి, రోడ్డు మీద మీకు దొరికే మొదటి వైద్యుడు అదే. తాళం తిప్పి, డీకంప్రెసర్ (సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలి కిక్‌ను తేలిక చేసేది) లివర్ పట్టుకుని కిక్ రాడ్డును మెల్లగా కిందికి నొక్కండి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వంగాలి, విడిపోయినప్పుడు మధ్యకు రావాలి. ఎంత నొక్కినా ముల్లు మధ్యలోనే ఉంటే కరెంటు అక్కడికి చేరడం లేదు. ఫ్యూజు, బ్యాటరీ తీగలు, తాళం, పాయింట్ల మురికి వరసగా చూడాలి. మైనస్‌లోనే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఈ పరీక్ష ఇంటి దగ్గరే బాగా అలవాటు చేసుకోండి.

ఆ తర్వాత వైర్లు. హ్యాండిల్ తిరిగే చోట, ట్యాంకు కింద, సీటు కింద ఇన్సులేషన్ ఒరిసిపోతుంది. హ్యాండిల్‌ను పూర్తిగా కుడికి, ఎడమకి తిప్పుతూ ఇంజిన్ శబ్దం వినండి. తేడా వచ్చిందంటే దొంగ దొరికినట్టే. మేస్త్రీలు దశాబ్దాలుగా చుట్టిన టేపుల మీద టేపులు ఉంటే, కొత్త వైరింగ్ సెట్టు వేయించడమే చౌక.

పెట్రోలు దారి

ట్యాంకు ఖాళీ చేసి, లోపలికి టార్చి వేసి చూడండి. తుప్పు పొలుసులు కనిపిస్తే శుభ్రం చేయించి, ట్యాంకుకూ కార్బొరేటర్‌కూ మధ్య ఫిల్టరు పెట్టించండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ బండ్లు తయారైన కాలంలో ఆ సంగతి ఎవరూ ఊహించలేదు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను ఉబ్బిస్తుంది, గాలిలోని తేమను లాక్కుంటుంది. బండి నెలల తరబడి నిలబడితే ఆ నీరు ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. పెట్రోలు గొట్టాన్ని ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చండి, కార్బొరేటర్ వాషర్లు కొత్తవి వేయించండి. నెలకు మించి నిలిపేటట్టయితే కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలును వదిలేయండి.

రిజర్వ్ ఎంత దూరం వస్తుందో ఎప్పుడైనా చూశారా? సీసాలో పెట్రోలు వెంట పెట్టుకుని, ఊరి చుట్టుపక్కల పూర్తిగా అయిపోయేదాకా ఒకసారి నడపండి. ట్యాంకు మూతలో గాలి రంధ్రం కూడా చూడండి. అది పూడుకుపోతే బండి ఇరవై ముప్పై కిలోమీటర్లు చక్కగా నడిచి ఆగిపోతుంది. మూత తెరిచి మూస్తే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఈ చిన్న సంగతి తెలియక కార్బొరేటర్లు మార్చినవాళ్లున్నారు.

ఆయిల్, వేడి

బుల్లెట్ ఇంజిన్‌లో ఆయిల్‌కు వేరే గది ఉంటుంది. పంపు అక్కడి నుంచి తోడి, భాగాలకు పంపి, తిరిగి అదే గదిలోకి తెస్తుంది. బండి చాలా రోజులు నిలబడితే ఆ ఆయిల్ మెల్లగా క్రాంక్ గదిలోకి దిగిపోతుంది. అప్పుడు కొలపుల్ల చూసి తక్కువైందని పోస్తే, స్టార్ట్ చేశాక ఎక్కువై బ్రీదర్ గొట్టంలో నుంచి కక్కేస్తుంది. కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, కాసేపు ఆగాకే కొలత చూడండి.

ఆయిల్ పైకి ఎక్కుతోందా లేదా అన్నది కొలత కంటే ముఖ్యం. ఇంజిన్ మెల్లగా నడుస్తుండగా హెడ్‌కు వెళ్లే ఆయిల్ గొట్టం బోల్టును కొద్దిగా వదులు చేస్తే అక్కడ ఆయిల్ ఊరాలి. ఊరకపోతే వెంటనే ఇంజిన్ ఆపేయండి, పంపు చూపించేదాకా మళ్లీ తన్నకండి. ఆయిల్‌తో పాటు లోపలి ఫిల్టరూ మార్చిన రోజు ఈ పరీక్ష తప్పనిసరి.

ట్యాపెట్లు ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే, పిస్టన్ కంప్రెషన్ పైభాగంలో ఉండగా సరిచేయాలి. కుడి పక్క చిన్న మూత తీసి, లోపలి కడ్డీలను వేళ్లతో తిప్పండి. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. మరీ బిగువుగా పెడితే టకటక శబ్దం పోయి చెవికి హాయిగా ఉంటుంది, వాల్వ్ మాత్రం కాలిపోతుంది. కొంచెం టకటకను భరించండి.

వేగం సంగతి సూటిగా చెబుతాను. ఈ ఇంజిన్‌ను రోజంతా గంటకు 60, 65 కి.మీ. దగ్గర నడపండి. 80 దాటగలదు, కాసేపు దాటనివ్వవచ్చు కూడా. కానీ మే నెల మధ్యాహ్నం జాతీయ రహదారి మీద గంటల తరబడి అదే వేగం అడిగితే పిస్టన్ పట్టేస్తుంది. పట్టేసే ముందు బండి బరువెక్కినట్టు అనిపిస్తుంది, యాక్సిలరేటర్ తిప్పినా లాగదు. ఆ క్షణంలో క్లచ్ పట్టుకుని పక్కకు తీసుకోండి. అరగంట, ముప్పావుగంట చల్లారనివ్వండి. నీళ్లు చల్లడం మాత్రం వద్దు. కొత్తగా బోరు చేయించిన (సిలిండర్ కోయించి కొత్త పిస్టన్ వేయించిన) ఇంజిన్ అయితే వెయ్యి కిలోమీటర్లు ఊరి చుట్టూ తిరిగాకే దూరం గురించి ఆలోచించండి.

ఇక నమ్మకం పెరిగేది రోడ్డు మీద

ఇంతవరకూ చేసింది సిద్ధం చేయడమే. పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది. మొదటిసారి ఇంటికి 15, 20 కి.మీ. దాటకుండా చుట్టూ తిరిగి, మొత్తం 60 పూర్తి చేయండి. తర్వాత వెళ్లి రావడానికి 120. హైదరాబాద్ వారికి యాదగిరిగుట్ట సరిగ్గా ఆ కొలత. ఆ పైన నాగార్జునసాగర్ లాంటి చోటికి పూర్తి రోజు. విశాఖపట్నం వారికి శృంగవరపుకోట దాకా ఒకసారి, ఘాట్ ఎక్కి అరకు దాకా మరోసారి. చివరి పరీక్ష అసలు ప్రయాణంలో ఉండే బరువుతోనే చేయండి. వెనక మనిషి, సామాను ఉంటే బ్రేకు, క్లచ్, చైను చెప్పే కథ వేరే.

ప్రతి పరీక్ష తర్వాత బండిని వదిలేసి స్నానానికి వెళ్లిపోకండి. రెండు చక్రాల హబ్బులనూ జాగ్రత్తగా తాకి చూడండి. బ్రేకు వాడకుండా వచ్చినా ఒకటి బాగా వేడిగా ఉంటే షూ రాసుకుంటోంది, లేదా బేరింగు పాడవుతోంది. ఇంజిన్ బిగింపు నట్లు, సైలెన్సర్ నట్లు, నంబరు ప్లేటు మరలు పానాతో ఒకసారి చూడండి. ఒంటి సిలిండర్ అదురుడుకు ఏదో ఒకటి వదులవుతుంది. ప్లగ్ తీస్తే లేత గోధుమరంగు ఉండాలి. నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోయి ఉంటే తక్కువ. రెండోది ప్రమాదకరం, ఎందుకంటే ఇంజిన్ మితిమీరి వేడెక్కుతుంది. మరునాడు ఉదయం బండి కింద పరిచిన అట్టముక్క మీద మరక ఎంతుందో, ఎక్కడుందో రాసుకోండి. పరిచిన ప్రతిసారీ అంతే ఉంటే అది సణుగుడు. పెరుగుతుంటే దాన్ని రెండో కుప్పలోకి మార్చండి.

అన్నింటికన్నా కచ్చితంగా పాటించవలసిన నియమం ఒకటుంది: బయలుదేరే ముందురోజు సర్వీసింగ్ చేయించకండి. చేయి పెట్టిన ప్రతి చోటా కొత్త తప్పుకు అవకాశం ఉంటుంది. బిగించని నట్టు, తప్పుగా తగిలించిన వైరు, నాసిరకం కొత్త భాగం మొదటి వంద కిలోమీటర్లలో బయటపడతాయి. అవి మీ వీధి చివర బయటపడాలి గానీ నల్లమలలో కాదు. ఏ మరమ్మతు చేసినా దాని తర్వాత కనీసం 100 కి.మీ. దగ్గరలో నడపండి. "రేపే ప్రయాణం, ఈ ఒక్కటీ చూసేద్దాం" అని మేస్త్రీ అన్నా చేతులు కట్టుకుని నిలబడండి.

సంచిలో ఏముండాలి

సరుకు ఎంత ఉందన్నదాని కంటే వాడడం మీకు వచ్చా లేదా అన్నదే చూసుకోవాలి. ప్లగ్గులు రెండు, అమర్చి చూసిన పాయింట్ల సెట్టు, కండెన్సర్, ఫ్యూజులు, రెండు మీటర్ల వైరు, టేపు. చైను లింకు. ముందు, వెనక ట్యూబులు, టైరు విప్పే కడ్డీలు, చిన్న పంపు. పానాలు, స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్, ఫీలర్ గేజ్. లీటరు ఆయిల్. క్లచ్ కేబుల్ సంచిలో వద్దు. కొత్తదాన్ని పాతదాని పక్కనే పరిచి, ట్యాగులతో కట్టేయండి. తెగిన చోట రెండు చివర్లు మార్చుకుంటే చాలు. యాక్సిలరేటర్ కేబుల్‌కూ అదే పద్ధతి. వెనక చక్రాన్ని ఇంటి దగ్గర ఒక్కసారైనా మీరే విప్పి బిగించండి. పాయింట్ల బుల్లెట్ తెలిసిన మేస్త్రీ ప్రతి ఊళ్లోనూ ఇప్పుడు దొరకడు.

ప్రయాణం రోజు

తెల్లవారుజామునే బయలుదేరండి. చల్లని గాలి ఈ ఇంజిన్‌కు మేలు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం 200 కి.మీ. పైచిలుకు. 765వ నంబరు జాతీయ రహదారి మీద మన్ననూరు దగ్గర అటవీ చెక్‌పోస్టు వస్తుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అక్కడ వాహనాలను వదలరు. కాబట్టి తిరుగు ప్రయాణాన్ని సాయంత్రం మీదికి నెట్టకండి. అడవిలోకి వెళ్లే ముందే ట్యాంకు నింపండి. దోమలపెంట దాటాక ఆనకట్ట వైపు దిగే మలుపుల్లో మీ బ్రేకులకు అసలు పరీక్ష ఉంటుంది.

గంటకొకసారి ఆగండి. ఆగిన ప్రతిచోటా బండి చుట్టూ ఒక చుట్టు నడవండి: ఆయిల్, చైను, టైర్లు, వదులైన మరలు. నడుపుతున్నప్పుడు కొత్త శబ్దం వినిపిస్తే తర్వాత చూద్దామని వాయిదా వేయకండి. ఇన్ని పరీక్షల తర్వాత మీ బండి మామూలు చప్పుడు మీకు వచ్చేసి ఉంటుంది, తేడాను చెవి పట్టేస్తుంది.

ఆగిపోతే ఈ వరస: పెట్రోలు ఉందా, ట్యాంకు మూత తెరిచి చూశారా, ఆంపియర్ మీటరు ముల్లు కదులుతోందా, ప్లగ్ తీసి హెడ్‌కు ఆనించి తన్నితే నిప్పురవ్వ వస్తోందా, పాయింట్లు శుభ్రంగా ఉన్నాయా. ఈ ఐదూ చూడకుండా కార్బొరేటర్ విప్పకండి. రోడ్డు పక్క దుమ్ములో జెట్టు పోగొట్టుకుంటే బాధ రెట్టింపు. జాతీయ రహదారి మీద సాయానికి 1033 నంబరు ఉంది. అడవిలో కొన్నిచోట్ల ఫోను అందదు కాబట్టి, బయలుదేరే ముందే ఇంట్లో సమయాలు చెప్పి వెళ్లండి.

వెళ్లకూడని సందర్భాలూ ఉన్నాయి. ఇంజిన్ అడుగు నుంచి యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే మొద్దు దెబ్బల శబ్దం, మార్చిన ఆయిల్‌లో మెరిసే లోహపు పొడి, డీకంప్రెసర్ ముట్టుకోకుండా కిక్ రాడ్డు మీద నిలబడితే కంప్రెషన్ ఆపకుండా జారిపోవడం, ఎంత సరిచేసినా గేరు దానంతట అదే జారడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ప్రయాణం వాయిదా వేసి ఇంజిన్ విప్పించండి. బండిని మంచి మేస్త్రీ ఉన్న వేరే ఊరికి చేర్చాలంటే చిన్న ట్రక్కులో నిలబెట్టి, ముందు ఫోర్కు రెండు వైపులా పట్టీలతో కట్టించండి. రైలు పార్శిల్‌లో పంపేటట్టయితే ట్యాంకు ముందే ఖాళీ చేసుకుని, ఆర్‌సీ నకలు పట్టుకుని వెళ్లండి. పెట్రోలు ఉన్న బండిని వాళ్లు తీసుకోరు.